లాభం, రెండు, మూడు

మగవాడు గాడిలో పడాలంటే పెళ్ళి చెయ్యాలంటారు. మావారు భవానీప్రసాద్ గారు పెళ్ళయిన పదకొండేళ్ళకు గాడిలో పడ్డారు. అదీ పెన్సిలు మొన పట్టేంత గాడి.

సంగతేమిటంటే, ఆయన జగ్గయ్యపేట పక్కన ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియను. ఫ్యాక్టరీ కట్టేటప్పుడు మద్రాసు నుంచి వచ్చిన ఇంజినీరొకాయన తిరిగి వెళ్ళిపోతూ, తన కొడుకు ఆడి విరగ్గొట్టిన సీమబొమ్మల పెట్టె ఒకటి ఈయన చేతిలో పెట్టి పోయాడు. అందులో కరెంటుతో నడిచే రెండు చిన్న కార్లు, నాలుగు ముక్కల ప్లాస్టిక్ రోడ్డు ఉన్నాయి. రోడ్డు మధ్య సన్నటి గాడి. కారు కింద మేకులాంటిది ఒకటుంటుంది, అది గాడిలో దిగుతుంది. గాడికి రెండు పక్కలా రాగి రేకు, ఆ రేకులోంచి కరెంటు. చేతిలో మీట నొక్కితే కారు పరిగెడుతుంది, వదిలితే ఆగుతుంది. మరీ నొక్కితే మలుపులో ఎగిరి మంచం కింద పడుతుంది. ఆట ఇంతే. దీనికోసం నలభై ఏళ్ళ మనిషి అన్నం వేళ మర్చిపోయాడంటే మొదట్లో నేనే నమ్మలేదు.

ఆయనొక్కడే పిచ్చివాడైతే ఏదో మొక్కుకుని ఊరుకుందును. నందిగామలో మోటార్లకు తీగ చుట్టే మౌలాలికి ఈ సంగతి చెప్పారు. మౌలాలి టేపురికార్డరు మోటార్లు పెట్టి కొత్త కార్లు చేశాడు. మిరపకాయల వ్యాపారి సుబ్బరాయుడు గారు ప్లైవుడ్డు కొనిపెట్టారు. పద్దెనిమిది అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు బల్ల తయారైంది. దాని మీద ఏడు మలుపులు, పక్కపక్కనే రెండు గాడులు, లారీ బ్యాటరీతో కరెంటు. రెండూళ్ళలో కలిపి తొమ్మిది మంది సభ్యులు. పేరు గాడి కార్ల సంఘం. మా పక్కింటి రత్తమ్మ గారు గోడ మీంచి తొంగి చూసి, "ఏమ్మా పుష్పవతీ, మీ ఆయన బొమ్మకార్లు ఆడుకుంటన్నాడంటగా?" అని అడిగినప్పుడు, పేకాటైనా బాగుండేది, నలుగురిలో చెప్పుకోవడానికి పరువుగా ఉండేది అనిపించింది.

బల్ల ఒకటే, ఊళ్ళు రెండు. అందుకని ఒక ఒప్పందం చేసుకున్నారు. ఏడాదికోసారి జగ్గయ్యపేటకీ నందిగామకీ పోటీ. జట్టుకు ముగ్గురు, రెండు గంటలు ఆగకుండా ఒకరి తర్వాత ఒకరు కారు నడపాలి. ఎవరు ఎక్కువ చుట్లు తిప్పితే వాళ్ళ ఊళ్ళో ఏడాదంతా బల్ల ఉంటుంది. ఎనభై రెండులో మావాళ్ళు గెలిచారు. గెలిచినవాళ్ళంతా జట్టు నాయకుడింట్లో పెడదామన్నారు. జట్టు నాయకుడు మావారు. ఇల్లు నాది.

నా ముందుగదిలో నేను కుట్టు నేర్పేదాన్ని. ఆరు మిషన్లు, ఆరుగురు పిల్లలు. బల్ల వచ్చిన రోజున మిషన్లు వరండాలోకి పోయాయి. "నాలుగు రోజులే, పుష్పా" అన్నారు. ఆ నాలుగు రోజులూ ఏడాదయ్యాయి. శ్రావణంలో జల్లు కొట్టి, నా దగ్గర నేర్చుకునే వాజిదా తన అక్క పెళ్ళికని కుడుతున్న పట్టు జాకెట్టు తడిసి రంగు దిగింది. పెళ్ళికూతురి ముందు నేను తల ఎత్తుకోలేకపోయాను. ఆ రోజు ఏడ్చాను, కోపంతో. నా గదిలో ఏం పెట్టాలో నన్నొక్క మాట అడిగినవాడు లేడు. మళ్ళీ వానలు రాబోతున్నాయి. నలుగురు పిల్లలు వానాకాలం రామని చెప్పేశారు. అందుకని ఎనభై మూడు మే నెలలో, పోటీ జరిగే ఆదివారం పొద్దున, తలంటుకుని దీపం పెట్టి, నందిగామ గెలవాలని దణ్ణం పెట్టుకున్నాను. మావారు పక్కన నిలబడి, జగ్గయ్యపేట కోసం కాబోలనుకుని తనూ దణ్ణం పెట్టారు.

సాయంత్రం నాలుగింటికి పోటీ మొదలు. మా జట్టులో మావారు, పోస్టాఫీసు కృష్ణయ్య గారు, లారీ డ్రైవరు జాన్‌బాషా. జాన్‌బాషా చెయ్యి మంచిది, అతను కూర్చుంటే కారు పడదు. లోడు దింపి తన వంతుకు అందుకుంటానన్నాడు. నందిగామ నుంచి సుబ్బరాయుడు గారు, మౌలాలి, వాళ్ళ తాలూకు ఇంకొకాయన బస్సు దిగారు. చుట్లు లెక్కపెట్టడానికి మా తరఫున బ్రహ్మయ్య బాబాయి. కుంచాల కాలం నుంచి ధాన్యం కొలిచిన మనిషి, ఇప్పుడు మార్కెట్ యార్డులో బస్తాలు లెక్కపెడుతున్నాడు. మోసం లేకుండా ఏర్పాటు ఏమిటంటే, మా చుట్లు మా మనిషి చెబుతాడు, వాళ్ళ మనిషి రాస్తాడు. వాళ్ళవి వాళ్ళ మనిషి చెబుతాడు, మావాడు రాస్తాడు.

మా చుట్లు రాయడానికి నందిగామ నుంచి వచ్చినవారు సొలొమోను మాస్టారు. హైస్కూల్లో లెక్కలు చెబుతారు. కాజీపేట రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగిన మనిషి. వడ్లను అన్నమయ్యాకే చూశాడని మావాళ్ళు ఆటపట్టిస్తారు. ఆట చూస్తే గీత తప్పుతుందని ఆయన బల్లకు వీపు పెట్టి గోడవైపు కూర్చున్నారు. అంకె వినపడితే ఒక గీత, నాలుగు గీతల మీద ఒక అడ్డగీత.

బ్రహ్మయ్య బాబాయి గొంతు సవరించుకుని ముందొకసారి వినిపించాడు. "ఐదూ, ఆరూ, ఆరున్నొకటీ, ఎనిమిదీ..."

"ఆగండాగండి. ఆరున్నొకటి అంటే ఏడేనా?" అన్నారు మాస్టారు.

అందరూ నవ్వారు. "కొలిచేచోట ఏడు అనకూడదు మాస్టారూ. ఏడు అంటే ఏడవమన్నట్టేగా!" అన్నాడు బాబాయి. మాస్టారు బుద్ధిగా తలూపి, కాయితం మూలన ఆ మాట రాసుకున్నారు. ఇంకేమైనా అడగాలని ఆయనకు తెలియదు, ఇంకేమైనా చెప్పాలని మాకు తోచలేదు. బాబాయి ఇరవై దాకా చెప్పి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటాడు, అందుకని ఇంకో షరతు కూడా పెట్టాడు. ఇరవై నిండితేగాని నడిపే చెయ్యి మారకూడదు, మధ్యలో మారితే కొలత చెడుతుందట. సరేనన్నారు.

మొదట మావారు కూర్చున్నారు. గెలవాలన్న తొందరలో మీట మరీ నొక్కేశారు. మూడు సార్లు కారు పడింది. బల్ల చుట్టూ నిలబడినవాళ్ళు కారెత్తి గాడిలో పెట్టేలోపు అవతల ఎర్రకారు చక్కర్లు కొడుతూనే ఉంది. నాకు లోపల్లోపల సంతోషం. పైకి మాత్రం అందరికీ మజ్జిగ ఇస్తూ అయ్యయ్యో అంటున్నాను.

నాలుగున్నరకు వీధిలో ఒక బస్సాగింది. కండక్టరు కిటికీలోంచి కేకేశాడు. "జాన్‌బాషా లారీ చిల్లకల్లు కాడ యాక్సిలు ఇరిగి ఆగిపోయిందండీ! రాలేనని చెప్పమన్నాడు!" బస్సు వెళ్ళిపోయింది. మావారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఒకే మనిషి రెండు సార్లు నడపకూడదు. మూడో మనిషి లేకపోతే నలభై నిమిషాలు మా కారు నిలబడిపోవాలి. సంఘంలో మా ఊరివాళ్ళు ఇంకొకరున్నారు గాని, ఆయన పెళ్ళికని మైలవరం పోయాడు.

"అమ్మాయిని కూర్చోబెట్టరాదూ?" అన్నాడు బ్రహ్మయ్య బాబాయి.

"పుష్పనా?" అన్నారు మావారు. ఆ అనడంలో ఏముందో నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

మీట నా చేతికి వచ్చింది. హీటరు తీగ చుట్టిన చెక్కముక్క, దాని మీద బొటనవేలితో నొక్కే పట్టీ. నాకు మంచి అవకాశం దొరికిందనుకున్నాను. ఊరికే గట్టిగా నొక్కితే చాలు, కారు పడుతూ ఉంటుంది, వానలు మొదలయ్యేలోగా నా గది నాకొస్తుంది. నొక్కాను. మొదటి మలుపులోనే కారు ఎగిరి సుబ్బరాయుడు గారి ఒళ్ళో పడింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ పడింది.

సుబ్బరాయుడు గారు తన కారు నడుపుతూనే నవ్వారు. "చెల్లెమ్మా, కుట్టు మిషననుకున్నావేమో. కాలుతో తొక్కేది కాదిది!"

అందరూ నవ్వారు. మావారు కూడా కాస్త నవ్వారు. చూడండి, నేను ఓడిపోవడానికి సిద్ధంగా ఉన్నాను గాని, చేతకాక ఓడిపోవడానికి కాదు. నా మిషన్‌ను ఎవరైనా ఒక మాటంటే నాకు ఒళ్ళు మండుతుంది. చీర కుచ్చెళ్ళు సర్దుకుని సరిగ్గా కూర్చున్నాను.

కాలరు కుట్టేవాళ్ళకు తెలుసు. మూల దగ్గరికి వస్తున్నప్పుడు ముందే నెమ్మదించాలి. మూలలో సూది దించి బట్ట తిప్పాలి. తిరిగాక ఇక పోనివ్వాలి. మూలలోకి వచ్చాక నెమ్మదిద్దామనుకునేవాడి కాలరు వంకరపోతుంది. ఈ మగవాళ్ళంతా మలుపులోకి వచ్చాక మీట వదులుతున్నారు. నేను ముందే వదిలి, మలుపులోనే మళ్ళీ మెల్లగా నొక్కడం మొదలుపెట్టాను. ఏడు మలుపులూ ఏడు మూలలు. కారు పడలేదు. పది చుట్ల తర్వాత గదిలో నవ్వులు ఆగిపోయాయి. ఇరవై చుట్ల తర్వాత సుబ్బరాయుడు గారి కారు రెండు సార్లు పడింది.

"లాభం... రెండూ... మూడూ..." బాబాయి గొంతు గంటకొట్టినట్టు సాగుతోంది. నాకు గుండుసూదులతో లెక్కపెట్టే అలవాటుంది. కాజాలు కుట్టేటప్పుడు ఇరవైకొక సూది పైటకు గుచ్చుకుంటాను. ఎడమ చెయ్యి ఖాళీగా ఉంది కదా, బాబాయి ఇరవై అన్నప్పుడల్లా ఒక సూది గుచ్చుకున్నాను. ఇంత హాయి నాకు ఈ మధ్య ఎప్పుడూ కలగలేదు. గది సంగతే మర్చిపోయాను. చెయ్యి మారే సమయానికి నా పైట మీద పదకొండు సూదులున్నాయి.

తర్వాత కృష్ణయ్య గారు కూర్చున్నారు. ఆయన టెలిగ్రాం అందించడానికి వెళ్ళినంత జాగ్రత్తగా నడిపారు. సరిగ్గా ఆరింటికి మీటలు దించేశారు. బాబాయి చివరగా అన్న మాట ఆరున్నొకటి.

సొలొమోను మాస్టారు గోడవైపు నుంచి తిరిగి, గీతలు రెండు సార్లు లెక్కపెట్టి చదివారు. "భవానీప్రసాద్ గారు నూట తొంభై. సిస్టర్ గారు రెండు వందల తొమ్మిది. కృష్ణయ్య గారు నూట తొంభై ఆరు. మొత్తం ఐదు వందల తొంభై ఐదు."

నందిగామది ఆరు వందల మూడు. ఎనిమిది చుట్ల తేడాతో మేం ఓడిపోయాం.

నా గుండె ఒక్కసారి ఎగిరింది. నా గది నాకొచ్చింది! కళ్ళు మూసుకుంటే ఆరు మిషన్లూ కిటికీ వెలుతురులో వరసగా కనబడ్డాయి. నందిగామవాళ్ళు బల్ల కొలిచి, లారీలో ఎటు తిప్పి ఎక్కించాలో మాట్లాడుకుంటున్నారు. మావారు నా దగ్గరికి వచ్చి, ఎంతో దయగా, "పోనీలే పుష్పా, బాధపడకు. జాన్‌బాషా ఉంటే గెలిచేవాళ్ళం. నువ్వు కొత్తదానివి కదా" అన్నారు.

ఆ దయ చూడండి, అది నాకు కారం రాసినట్టుంది. పైట మీద సూదులు తడుముకున్నాను. పదకొండు. పదకొండు ఇరవైలు రెండు వందల ఇరవై. కాయితం మీద రెండు వందల తొమ్మిది. పదకొండు చుట్లు ఏమయ్యాయి? నేను సూదుల లెక్క తప్పేదాన్నైతే ఊరి జాకెట్లన్నీ ఎప్పుడో ఊడిపోయి ఉండేవి.

అప్పుడే కృష్ణయ్య గారు కుర్చీలో కూలబడి, "ఇన్ని చుట్లు తిరిగి ఏం లాభం!" అని నిట్టూర్చారు.

లాభం. ఆ మాట చెవిన పడగానే గిరుక్కున తిరిగి చూశాను. సొలొమోను మాస్టారి చేతిలో పెన్సిలు ఇంకా ఉంది. ఆయన కదల్లేదు, గీతా పెట్టలేదు. నాకు అర్థమైపోయింది. నోరు మూసుకుంటే చాలు. రేపు ఈపాటికి గది ఊడ్చి ముగ్గు పెట్టుకోవచ్చు. పొద్దున నేను మొక్కుకున్నదీ ఇదే కదా. ఒక్క నిమిషం నోరు మూసుకున్నాను కూడా. కాని ఆ నిమిషమంతా "నువ్వు కొత్తదానివి కదా" అన్న మాటే చెవిలో మోగింది.

"మాస్టారూ" అన్నాను. "బ్రహ్మయ్య బాబాయి లాభం అన్నప్పుడు మీరు గీత గీశారా?"

మాస్టారు అమాయకంగా చూశారు. "లేదు సిస్టర్. అది అంకె కాదుగా. ఆయనేదో ఇరవైకోసారి దేవుణ్ణి తలుచుకుంటున్నారనుకున్నా. ప్రార్థనకి గీత పెడితే బాగుండదని వదిలేశా."

బ్రహ్మయ్య బాబాయి నోరు తెరిచాడు. "ఓరి నాయనో! లాభం అంటేనే ఒకటి మాస్టారూ! కొలిచేటప్పుడు ఒకటి అని ఎవడంటాడు? ఒకటితో ఆగిపోద్ది గింజ! లాభంతో మొదలెట్టాల!"

"ఏడు సంగతి చెప్పారు గాని, ఒకటి సంగతి చెప్పలేదే మీరు!"

"ఒకటి కూడా చెప్పాలని నాకేం తెలుసయ్యా!"

సుబ్బరాయుడు గారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఆగండి. కాయితం మీద ఉన్నదే లెక్క. కొలగాడి మాటలు మాకెందుకు? లాభం అంటే లాభం, ఒకటంటే ఒకటి."

నేను ఆయన వైపు తిరిగాను. "అన్నయ్యా, మీ కొట్లో మిరపకాయ బస్తాలు లారీకెత్తేటప్పుడు మొదటి బస్తాకి ఏమంటారు?"

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. మౌలాలి నేల చూపులు చూస్తూ నవ్వు ఆపుకుంటున్నాడు.

"లాభం అనే అంటాం" అన్నారు చివరికి. "చిన్నప్పుడు నోరుజారి ఒకటన్నానని మా నాన్న వీపు చిట్లగొట్టాడు. నన్ను కాదనమంటే ఎట్టా అంటాను?"

సొలొమోను మాస్టారు సుద్దముక్క తీసుకుని బల్ల మీదే భాగహారం వేశారు. ఇరవైకి పంతొమ్మిది గీతలే పడ్డాయి కాబట్టి ఐదు వందల తొంభై ఐదును పంతొమ్మిదితో భాగించారు. ముప్పై ఒక్క ఇరవైలు, మీద ఆరు గీతలు. ఆ ఆరింటి ముందు కూడా ఒక లాభం. మొత్తం ముప్పై రెండు చుట్లు రాయకుండా పోయాయి. "ఆరు వందల ఇరవై ఏడు" అని సుద్ద పక్కన పెట్టారు. "జగ్గయ్యపేట ఇరవై నాలుగు చుట్లతో గెలిచింది. తప్పు నాది. పదో తరగతికి లెక్కలు చెబుతున్నా గాని, మొదటి అంకె ఇవాళ నేర్చుకున్నా." తన ఊరు ఓడిపోతుందని తెలిసీ ఆ మాట అన్న మనిషిని ఆ క్షణం నుంచి నేను ఎంతో గౌరవించాను.

మావాళ్ళ కేకలకు రత్తమ్మ గారు గోడెక్కి చూశారు. కృష్ణయ్య గారు బ్రహ్మయ్య బాబాయిని ఎత్తబోయి నడుం పట్టుకున్నారు. మావారు చిన్నపిల్లాడిలా నా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. "రెండొందల ఇరవై! మా అందరికంటే నువ్వే ఎక్కువ తిప్పావ్ పుష్పా! ఇంకో ఏడాది బల్ల మన హాల్లోనే!"

అప్పుడు నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇంతమంది మగవాళ్ళ ముందు, పైట నిండా సూదులతో, భోరుమన్నాను.

"ఏమైంది? గెలిచాం కదే!" అన్నారు.

"గెలిచారు! నేను మాత్రం పొద్దున దీపం పెట్టి మీరు ఓడిపోవాలని మొక్కుకున్నా. ఏడాదినించీ నా పిల్లలు వరండాలో తడుస్తున్నారు. మీకు కనపడిందా? ఈ బల్ల ఇక్కడ పెట్టనా అని నన్నొక్కసారన్నా అడిగారా?"

 మావారు వరండా వైపు చూశారు. గోనెపట్టా కప్పిన ఆరు మిషన్లు అక్కడున్నాయి. ఏడాదిగా రోజూ వాటి పక్కనుంచే ఆయన లోపలికి వస్తున్నారు.

సుబ్బరాయుడు గారు మెల్లగా అన్నారు. "మరి ఆ లాభం సంగతి చెప్పకుండా ఊరుకుంటే సరిపోయేదిగా, చెల్లెమ్మా? పొద్దున్నే బల్ల మేం తీసుకుపోయేవాళ్ళం."

"ఎట్టా ఊరుకుంటానన్నయ్యా? అవి నేను తిప్పిన చుట్లు."

ఆయన తలూపారు.  మావారు కండువాతో చేతులు తుడుచుకున్నారు, మళ్ళీ తుడుచుకున్నారు. తర్వాత అందరి ముందూ అడిగారు. "గెలిచినవాళ్ళం మనం. బల్ల ఎక్కడుండాలో చెప్పాల్సింది మనమే. ఎక్కడ పెట్టమంటావ్, పుష్పా?"

ఏడాదిగా ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అడిగేసరికి మాత్రం ముందు బల్ల వైపు చూశాను. ఐదో మలుపు దగ్గర రాగి రేకు కొద్దిగా లేచింది, అక్కడ నా కారు రెండు సార్లు తడబడింది. దాన్ని సరిచేస్తే ఇంకో పది చుట్లు ఎక్కువ వస్తాయనిపించింది.

"నందిగామ పట్టుకుపోండి" అన్నాను. "ఆదివారం ఆదివారం నేనూ బస్సులో వస్తా. వచ్చే ఏడు జట్టులో నేనుంటాను, ఒకరి బదులు కాదు."

మావారు వెంటనే సంఘం పుస్తకం తెచ్చి, వచ్చే ఏటి జగ్గయ్యపేట జట్టు కింద ఒక పేరు గబగబా రాసి నాకు చూపించారు. శ్రీమతి భవానీప్రసాద్ అని రాశారు. నేను ఆయన చేతిలో పెన్ను తీసుకుని, అది కొట్టేసి, పుష్పవతి అని రాశాను.